వెల్లకిలా పడింది కుబుసం విడవడానికే, తాకొద్దు

తమ్ముడూ, నెలగా తిండి ముట్టని నీ పెంపుడు సాలీడు, మెక్సికన్ రెడ్‌నీ టారంటులా, పొద్దున్నే వెల్లకిలా పడి ఉందనీ, తిప్పి పడుకోబెట్టాలా అనీ అడిగావు. దయచేసి తిప్పొద్దు. అది కుబుసం విడుస్తోంది. చావుకు దగ్గరైన సాలీడు సాధారణంగా బోర్లానే ఉండి కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుంటుంది. తిండి మానేయడం కూడా కుబుసానికి ముందు మామూలే.

ఒక్క పని మాత్రం వెంటనే చెయ్. డబ్బా లోపల తిండికి వేసిన కీచురాయి బతికి ఉంటే పొడవాటి పట్టకారుతో మెల్లగా తీసెయ్. మెత్తగా ఉన్న ఒంటిని అది కొరికేస్తుంది. తర్వాత గంటల తరబడి పట్టినా డబ్బా కదపకు. కొత్త కోరలు మొదట తెల్లగా ఉంటాయి, ఎర్రబడి చివరికి నల్లబడతాయి. నల్లబడ్డాకే, అంటే సుమారు పది రోజులకు, తిండి పెట్టు. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

నాకు ఎక్కువ టెన్షన్ మన తిరుపతి ఎండ గురించే. ఇది మెక్సికో పసిఫిక్ తీరం వైపు పొదల నేలల్లో బొరియ చేసుకుని బతికే జాతి. అక్కడా ఎండ ఉంటుంది, కానీ బొరియ లోపల చల్లదనం ఉంటుంది. డాబా కింద గదిలో, కిటికీ పక్కన డబ్బా పెడితే ఏప్రిల్‌లో ఉడికిపోతుంది. కుబుసం పని పూర్తయ్యాక కింది అంతస్తులో నీడన, నేల మీద పెట్టు. బొరియ చేసుకోవడానికి డబ్బాలో లోతుగా మట్టి పొయ్యి.

ఇది సైటీస్ (అడవి జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోని జాతి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో దీన్ని నమోదు చేయించావా? లేకపోతే ముందు ఆ పని చూడు.