రిబ్బు అల్లికతో వేళ్లు లేని గ్లౌజులు: వదులవకుండా ఉండాలంటే ఎన్ని కుట్లు వేయాలి?

మీ నాన్నగారు తెల్లవారుజామున బండి మీద పాలు తీసుకెళ్తారని, ఆయన కోసం వేళ్లు లేని గ్లౌజులు అల్లారని రాశారు. చేతి కొలతకు సరిగ్గా అల్లినా కొన్నాళ్లకే వదులై జారిపోతున్నాయని, ఎన్ని కుట్లు వేయాలని అడిగారు. మాది మహబూబ్‌నగర్. చలికాలంలో పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్లే మా తమ్ముడికి ఏటా ఇవే అల్లి ఇస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

సరిగ్గా కొలతకు అల్లడమే మీ ఇబ్బందికి కారణం. రిబ్బు ఎప్పుడూ చేతి కంటే చిన్నగా ఉండాలి. రెండు సీదా (నిట్) కుట్లు, రెండు ఉల్టా (పర్ల్) కుట్లు వేసుకుంటూ పోయే అల్లికే రిబ్బు; అందులో సీదా గీతలు ముందుకు వస్తాయి, ఉల్టా గీతలు లోపలికి పోతాయి. అందుకే అది హార్మోనియం తిత్తిలా దగ్గరికి ముడుచుకుంటుంది. చేయి పెట్టినప్పుడు సాగి, మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టే పట్టు ఉంటుంది. సాగే అవసరమే లేకపోతే పట్టు ఎక్కడిది?

లెక్క ఇలా వేసుకోండి. బొటనవేలు వదిలేసి, అరచేయి చుట్టూ టేపు పెట్టి కొలవండి. మగవాళ్లకు సుమారు 22 సెంటీమీటర్లు వస్తుందనుకుందాం. అందులో 2 తీసేస్తే 20. మామూలు డబుల్ నిట్టింగ్ (మధ్యస్థ మందం) ఊలుతో, 8 నంబరు సూదుల మీద సాదా అల్లిక (ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా) 10 సెంటీమీటర్లకు దాదాపు 22 కుట్లు వస్తుంది. అంటే 20 సెంటీమీటర్లకు 44. దీనికి 2 కలిపి 46 వేయండి. ఆ రెండు ఎందుకంటే, రెండు సూదులతో అల్లి పక్కన కలిపి కుట్టేటప్పుడు ఒక్కో అంచు నుంచి ఒక్కో కుట్టు లోపలికి పోతుంది. వరుస రెండు సీదాలతో మొదలై రెండు సీదాలతోనే ముగిస్తే, మిగిలిన ఒకటీ ఒకటీ కలిసి మళ్లీ రెండు సీదాల గీత అవుతుంది. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఇది సరిగ్గా కుదిరినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం.

సూదుల నంబర్ల విషయంలో జాగ్రత్త. మన కొట్లలో దొరికేవి పాత బ్రిటిష్ లెక్కవి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మన 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ల వీడియోలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. వీడియో చూసి అల్లితే వదులు కావడానికి ఇదొక్కటే చాలు. కొలత 8 మీద చూసినా, రిబ్బు మాత్రం నేను 9 నంబరు మీద అల్లుతాను. అది 3.75 మిల్లీమీటర్లు, ఇంకాస్త బిగువుగా వస్తుంది. చివర కుట్లు ముగించేటప్పుడు మళ్లీ 8 సూది తీసుకుని, సీదా మీద సీదా, ఉల్టా మీద ఉల్టా వేస్తూ వదులుగా ముగించండి. అక్కడ బిగిస్తే హ్యాండిల్ పట్టుకున్నప్పుడల్లా వేళ్ల మొదట్లో కోసుకుంటుంది.

పొడవు 18 సెంటీమీటర్లు చాలు. మణికట్టు వైపు నుంచి 10 సెంటీమీటర్లు కుట్టి, బొటనవేలికి 5 వదిలి, పైన మిగిలిన 3 కుట్టేయండి. ఆ సందు రెండు చివర్లా దారం రెండుసార్లు తిప్పి గట్టిగా ముడివేయాలి, ముందు చిరిగేది అక్కడే. కుడి, ఎడమ తేడా ఉండదు. రెండోది అల్లేటప్పుడు టేపు పెట్టకుండా వరుసలు లెక్కపెట్టండి. రిబ్బును టేపుతో కొలిస్తే లాగినంత పొడవు చూపిస్తుంది.

నూలు దారం వద్దు, సాగితే వెనక్కి రాదు. గొంగడి ఊలుతో చేయొచ్చా అని కూడా అడిగారు. మన దక్కనీ గొర్రె ఊలు గరుకు. వానకూ చలికీ గొంగడిని మించింది లేదు కానీ, మణికట్టు దగ్గర సన్నటి చర్మానికి గుచ్చుకుంటుంది. మెత్తటి ఊలు దొరికితే అదే మేలు. లేదంటే మన దగ్గర ఎక్కువగా అమ్మే యాక్రిలిక్ కూడా పనికొస్తుంది. రెండు 50 గ్రాముల ఉండలు తీసుకోండి, రెండింటి మీదా రంగు లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబరు) ఒకటే ఉండాలి.

యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. వేడి తగిలితే రిబ్బు చచ్చుబడిపోతుంది, మళ్లీ ముడుచుకోదు. ఉతికాక తీగ మీద వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి, గీతలు దగ్గరికి జరిపి నీడన ఆరబెట్టండి. ఇప్పుడు అల్లిన జతకు ఇస్త్రీ తగలకపోతే ఊలు పాడైనట్టు కాదు. విప్పి చుట్టలుగా చుట్టి, చల్లటి నీళ్లలో ముంచి ఆరబెడితే వంకరలు పోతాయి. అదే ఊలుతో మళ్లీ 46 కుట్లు ఎక్కించండి.