సక్యులెంట్ నారు, ఉక్కపోత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాక్టస్ గింజలు చల్లి కుండీని జిప్ కవర్లో పెట్టి మూసేశాను. ఐదో రోజుకే చక్కగా మొలిచాయి. పదో రోజున ఒక మూల మొలకలు నీరుకారినట్టు మెత్తబడి ఒరిగిపోయాయి. మూడు రోజుల్లో కుండీ మొత్తం ఖాళీ. నీళ్లు ఎక్కువయ్యాయా?

జవాబు: మీ మొలకలకు వచ్చింది నారుకుళ్లు తెగులు. తడి ఒక్కటే దీనికి కారణం కాదు. కవర్లో తడి ఉండాల్సిందే, లేకపోతే ఆవగింజంత మొలక ఒక్క పూటలో ఎండిపోతుంది. పెద్ద కాక్టస్‌లా నీటిని దాచుకునే ఒళ్లు దానికి ఇంకా రాలేదు. శుభ్రం చేయని మట్టి, ఆగిన గాలి, వేడి ఈ తడికి తోడైనప్పుడు పిథియం, రైజాక్టోనియా, ఫ్యుజేరియం లాంటి బూజు రకాలు ఒక మొలక నుంచి పక్కదానికి పాకుతాయి. మీ కుండీలో మూల నుంచి మొదలై వరసగా పోవడం అందుకే.

ముందు కవర్ లోపల వేడి ఎంతుందో చూడండి. చిన్న థర్మామీటర్ ఒకటి అందులో పెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు గమనించండి. చాలా రకాల కాక్టస్ గింజలకు 22 నుంచి 30 డిగ్రీలు సరిపోతాయి. 35 దాటితే మొలకెత్తే శాతం పడిపోతుంది. మూసిన కవర్ మీద నేరుగా ఎండ పడితే లోపల గాలి చూస్తుండగానే 45 దాటుతుంది, అంటే మొలకలు ఉడికిపోయినట్టే. వెలుతురు బాగా ఉండి ఎండపొడ తగలని చోటే కవర్ పెట్టాలి.

ఇక మట్టి. జల్లెడ పట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు, పెర్లైట్ గానీ ప్యూమిస్ గానీ (రెండూ తేలికైన అగ్నిపర్వత రాతి గుళికలే) ఒక వంతు, 2–3 మిల్లీమీటర్ల గరుకు ఇసుక ఒక వంతు కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, కాబట్టి నీళ్లలో నానబెట్టి పిండడం మూడుసార్లు చేయండి. కంపోస్టు, పశువుల ఎరువు నారు మట్టిలో వద్దు. మొదటి రెండు నెలలు మొలకకు ఎరువుతో పనే లేదు, బూజుకు మాత్రం అది విందు. కలిపిన మిశ్రమాన్ని తడిపి, మూత ఉన్న గిన్నెలో 30 నిమిషాలు ఆవిరి పట్టించి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి. కుండీలను, జల్లెడను, చెంచాను కూడా వేడినీళ్లతో కడగండి. చాలామంది మట్టిని శుభ్రం చేసి గింజలను మరిచిపోతారు. పండు గుజ్జు అంటుకున్న గింజే బూజును మోసుకొస్తుంది. గుజ్జు పోయేదాకా కడిగి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 5 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లండి.

మళ్లీ ఎక్కడైనా మొలకలు మెత్తబడిన మచ్చ కనిపిస్తే ఆగకండి. పాడైన మొలకలను, వాటి చుట్టూ ఒక సెంటీమీటరు మట్టిని చెంచాతో తీసేయండి. కవర్ తెరిచి పైమట్టి తడి ఆరనివ్వండి. లీటరు నీటికి 2 గ్రాముల కాప్టాన్ అనే బూజు మందు కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని పిచికారీ చేయండి. ఇలాంటప్పుడు చాలామంది కార్బెండజిమ్ అనే మరో బూజు మందు వాడతారు. అది పిథియం మీద పనిచేయదు, అందుకే మందు కొట్టినా మొలకలు పోతూనే ఉంటాయి.

ప్రశ్న: ఎచెవేరియా, లిథాప్స్ గింజలు రెండేళ్లుగా వేస్తున్నాను. మొలుస్తాయి, వేసవి రాగానే పోతాయి. మా దగ్గర రాత్రుళ్లు కూడా 28 డిగ్రీలకు తగ్గదు.

జవాబు: మీ ప్రశ్నలో చివరి వాక్యమే అసలు సంగతి. సక్యులెంట్లు, అంటే ఒంట్లో నీటిని దాచుకునే మొక్కలు, ఎక్కువ భాగం పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. రాత్రి చల్లబడకపోతే లోపలికి వచ్చేది తగ్గుతుంది, శ్వాసకు ఖర్చయ్యేది పెరుగుతుంది. పెద్ద మొక్క దాచుకున్నదానితో నెట్టుకొస్తుంది. లేత మొలకకు దాచుకున్నదేమీ ఉండదు. ఎచెవేరియాల్లో చాలావాటి పుట్టిల్లు మెక్సికో కొండప్రాంతాలు, అక్కడ పగలు ఎండ కాసినా రాత్రి చలి ఉంటుంది. లిథాప్స్ నమీబియా, దక్షిణాఫ్రికా మొక్కలు. అక్కడి వేడి పొడి వేడి, మీది ఉక్క.

ఈ రెండూ పెంచి తీరాలనుకుంటే రాత్రి ఉష్ణోగ్రత 22 కంటే దిగిన తొలి వారంలోనే గింజ చల్లండి. వేసవి నాటికి కనీసం నాలుగైదు నెలల వయసు ఉండాలి. వేసవిలో పెద్ద లిథాప్స్‌కు నీళ్లు పూర్తిగా మానేస్తారు. ఏడాది లోపు నారుకు అలా చేస్తే ఎండిపోతుంది. ముడతలు కనిపించిన రోజు సాయంత్రం వేడి తగ్గాక, పైన ఒక సెంటీమీటరు మట్టి మాత్రమే తడిసేలా ఇచ్చి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. కుండీని ఇటుకల మీద కాకుండా మెష్ బల్ల మీద ఉంచితే అడుగు నుంచి కూడా గాలి ఆడుతుంది.

అయినా మా సలహా, గింజల ఎంపిక మార్చమనే. అడీనియం, పాకిపోడియం లామెరై, ఆస్ట్రోఫైటమ్, జిమ్నోకాలిసియం, మెలోకాక్టస్ వెచ్చని రాత్రులకు ఓర్చుకుంటాయి. ఆస్ట్రోఫైటమ్ తాజా గింజలు రెండు నుంచి నాలుగు రోజుల్లో మొలుస్తాయి. మెలోకాక్టస్‌కు మూడు వారాల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అడీనియం గింజలు 20 వేస్తే 6 మొలిచాయి. వాటిలో మూడింటికి మొదలు మెత్తబడింది.

జవాబు: గింజ పాతదై ఉంటుంది. అడీనియం గింజకు తాజాదనమే ప్రాణం, గది వేడిలో నెలల తరబడి ఉంటే మొలక శక్తి వేగంగా తగ్గుతుంది. వెంటనే వేయలేకపోతే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో దాచండి. గింజను వేళ్ల మధ్య నొక్కి చూడండి, బోలుగా అణిగిపోతే పారేయండి.

గట్టివాటిని గోరువెచ్చని నీటిలో రెండు గంటలు నానబెట్టి, నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి, పైన అర సెంటీమీటరు మట్టి కప్పండి. కాక్టస్ గింజలా ఉపరితలం మీద వదిలేస్తే బీజకవచం ఆకులకు అతుక్కుపోతుంది. అలా అతుక్కుంటే లాగొద్దు. తడి దూది అరగంట ఉంచితే దానంతటదే జారుతుంది. 27 నుంచి 32 డిగ్రీల వేడిలో మూడు నుంచి ఏడు రోజుల్లో మొలుస్తాయి. దీనికి కవర్ అక్కర్లేదు. మొదలు మెత్తబడటానికి కారణం, మొలిచాక కూడా మొలవకముందులాగే రోజూ నీళ్లు పోయడం. రెండాకులు విచ్చుకున్న రోజు నుంచి పైమట్టి ఆరాకే నీళ్లు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో ఉంటే లోపలి తడిమట్టి కాగిపోయి వేర్లు ఉడుకుతాయి, పైన మాత్రం నీళ్లు ఎక్కువైనట్టే కనిపిస్తుంది. లేత రంగు కుండీ వాడండి, లేదా కుండీని మరో పెద్ద కుండీలో దించి పక్కలకు నీడ ఇవ్వండి.

ప్రశ్న: నారు ఎర్రబడితే నీడకు మార్చాను. ఇప్పుడు సన్నగా సాగిపోతోంది. ఎంత వెలుతురు సరైనది?

జవాబు: ఎర్రబడటం ఎండ ఎక్కువైందని, పాలిపోయి సాగడం తక్కువైందని గుర్తు. మొదటి మూడు నెలలు 70–75 శాతం షేడ్ నెట్ కింద ఉంచి, తర్వాత 50 శాతానికి మార్చండి. నెట్ మొక్కలకు కనీసం మీటరు పైన ఉండాలి, దగ్గరగా ఉంటే దాని వేడి నారుకే తగులుతుంది. ఇంట్లో అయితే ఎల్ఈడీ ట్యూబ్ 15–20 సెంటీమీటర్ల ఎత్తులో, రోజుకు 12–14 గంటలు. మార్పు ఏదైనా రెండు వారాల్లో మెల్లగా జరగాలి. ఒకసారి సాగిన మొలక మళ్లీ పొట్టిది కాదు. మొదలు చుట్టూ సన్న గులకలు పోసి నిలబెట్టడమే మార్గం.

ప్రశ్న: కుండీ మీద ఆకుపచ్చ పాచి, చుట్టూ చిన్న నల్ల ఈగలు.

జవాబు: రెండింటికీ మూలం ఎప్పుడూ ఆరని పైమట్టే. ఆ ఈగల పిల్లపురుగులు బూజునూ, లేత వేర్లనూ తింటాయి. మొలకలు కాస్త నిలదొక్కుకున్నాక వాటి మధ్య 2–3 మిల్లీమీటర్ల మందాన కడిగిన గరుకు ఇసుక పరవండి. నీళ్లు పైనుంచి పోయకుండా, ట్రేలో ఒక సెంటీమీటరు లోతున పోసి 15–20 నిమిషాలు కుండీ ఉంచి తీసేయండి. మిగిలిన నీటిని ట్రేలో నిలవనివ్వొద్దు. ఈగలకు పసుపు జిగురు అట్టలు, పురుగులకు బీటీఐ (ఆ పిల్లపురుగులను చంపే బ్యాక్టీరియా మందు) కలిపిన నీళ్లు పనిచేస్తాయి. పాచి గట్టి పొరలా కట్టిందంటే మొలక మెడ చుట్టూ ఫోర్క్‌తో మెల్లగా విరిచేయండి.

ప్రశ్న: కాక్టస్ నారును ఎప్పుడు విడదీయాలి?

జవాబు: కవర్ తెరవడం ముళ్లు కనిపించాక, సుమారు 4–6 వారాలకు, రోజుకు కాస్త కాస్త వెడల్పుగా. విడదీయడం మాత్రం ఒకదానికొకటి తగిలి బఠానీ గింజంత అయ్యాకే. నడివేసవిలో, ఎడతెగని వానల్లో ముట్టుకోకండి. ముందురోజు మట్టిని కొద్దిగా తడిపితే వేర్లు తెగకుండా వస్తాయి. కొత్త కుండీలో పెట్టి ఒక రోజు ఆగి నీళ్లివ్వండి, రెండు వారాలు నీడలో ఉంచండి. నెల తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువును లీటరుకు పావు గ్రాము చొప్పున కలిపి, మూడు వారాలకోసారి పోయవచ్చు.