చవక ల్యాప్‌టాప్‌లో కోత ఎక్కడ పడుతోంది?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లు ఇంత చవకగా అమ్ముతుంటే చిప్ కంపెనీలు కొత్త ఫ్యాక్టరీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయి? దాని ప్రభావం మన మీద ఏమైనా ఉంటుందా? పిల్లల చదువుకు అన్నిటికన్నా చవకైనది కొనవచ్చా?

జవాబు: ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. డబ్బు మాత్రం చవక ల్యాప్‌టాప్‌ల నుంచి రాదు. అత్యాధునిక చిప్ ఫ్యాక్టరీ ఒక్కదానికే వెయ్యి కోట్ల డాలర్లు దాటుతుంది. అందులో వాడే ఈయూవీ యంత్రం (తీవ్ర అతినీలలోహిత కాంతితో వేఫర్ మీద, అంటే చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలక మీద, సన్నని గీతలు ముద్రించేది) ఒక్కొక్కటీ 15 కోట్ల డాలర్ల పైమాటే. అంత సొమ్మును సర్వర్లు, ఏఐ చిప్‌లు, ఖరీదైన ఫోన్ల ఆర్డర్లు చూసుకుని పెడతారు. చవక ప్రాసెసర్లు తరచూ తరుగుదల లెక్క ముగిసిన, అంటే యంత్రాల ఖరీదు ఖాతాల్లో పూర్తిగా రాసేసిన, పాత తయారీ లైన్ల మీద తయారవుతాయి. లైను ఖాళీగా ఉన్నా ఖర్చు ఆగదు కనుక తక్కువ ధరకైనా అమ్మడమే మేలు.

ఇది కొత్త కథ కాదు. 1997లో అమెరికాలో వెయ్యి డాలర్లలోపు కంప్యూటర్లు జోరందుకున్నాయి. ఆ ధరకు సరిపడేలా 1998 ఏప్రిల్‌లో వచ్చిన ఇంటెల్ వారి మొదటి సెలెరాన్ ప్రాసెసర్‌లో రెండో స్థాయి క్యాష్‌నే (తరచూ వాడే డేటాను ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంచే వేగవంతమైన మెమరీ) తీసేశారు. నెమ్మదిగా ఉందని విమర్శలు వచ్చాక, ఆగస్టులో 128 కిలోబైట్లు చేర్చిన రకాన్ని తెచ్చారు. మెమరీ ధరల పతనం, ఆసియా ఆర్థిక సంక్షోభం కూడా తోడవడంతో ఆ రోజుల్లోనే 300 మిల్లీమీటర్ల వేఫర్లకు మారే పని వెనక్కి పోయింది. 200 మిల్లీమీటర్ల వేఫర్‌తో పోలిస్తే దాని వైశాల్యం 2.25 రెట్లు. ఒక్కో వేఫర్‌కు ఎక్కువ చిప్‌లు వచ్చి ఎంత ఆదా అవుతుందో తెలిసినా పెట్టుబడికి చేయి రాలేదు.

అప్పటి కోత వేగం మీద పడింది కాబట్టి వాడినవారికి వెంటనే తెలిసింది. ఇప్పటి కోత భద్రత మీద పడుతోంది, అది తెరమీద కనిపించదు.

64 గిగాబైట్ల స్టోరేజీని బోర్డుకే అతికించి అమ్మే యంత్రాలను చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్, నాలుగు ప్రోగ్రాములు ఎక్కేసరికి సగానికి పైగా నిండిపోతుంది. పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు ‘చోటు చాలదు’ అన్న సందేశం వస్తుంది. పదిసార్లు అదే చూసి విసిగిన మనిషి అప్‌డేట్లనే ఆపేస్తాడు. అదే యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు! ఆ మనిషి చేసింది తప్పే. అలాంటి యంత్రాన్ని తయారు చేయడం అంతకన్నా పెద్ద తప్పు.

ప్రాసెసర్ లోపాల సంగతి ఇంకా తీవ్రం. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడ్డాయి. వాటితో మెమరీలోని రహస్య సమాచారం దొంగిలించే వీలుంది. స్పెక్టర్‌లో ఒక రకానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణ అవసరమైంది. కొన్ని పాత శ్రేణులకు ఆ సవరణ ఇవ్వబోమని ప్రాసెసర్ తయారీదారు ఇంటెలే ప్రకటించింది. సవరణ సిద్ధమైనా, ల్యాప్‌టాప్ తయారీదారు ఫర్మ్‌వేర్‌లో (యంత్రం బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) చేర్చి పంపాలి, లేదా ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా రావాలి. తక్కువ లాభం మిగిల్చే మోడల్ కోసం ఏళ్ల తరబడి ఇంజినీర్లను ఎవరు కూర్చోబెడతారు? భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారో పెట్టె మీదే అచ్చు వేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మందు సీసా మీద గడువు ఉన్నప్పుడు దీనికెందుకు ఉండకూడదు?

పిల్లలకు కొనండి, కానీ 256 గిగాబైట్లకు తగ్గకుండా, స్టోరేజీ మార్చుకునే వీలున్నది చూడండి. తయారీదారు సైట్‌లో అదే శ్రేణి పాత మోడల్‌కు చివరి ఫర్మ్‌వేర్ ఏ సంవత్సరంలో ఇచ్చారో చూస్తే మీ మోడల్ గతి తెలుస్తుంది. 64 గిగాబైట్లది ఇప్పటికే కొని ఉంటే ఫొటోలు, వీడియోలు బయటి డ్రైవ్‌కు మార్చండి. విండోస్ అయితే అప్‌డేట్ సమయంలో ఖాళీ పెన్‌డ్రైవ్‌ను తాత్కాలిక చోటుగా వాడుకోనిస్తుంది.