మైటోకాండ్రియా, హరితరేణువు: రెండూ ఏటీపీ చేసేవే అయితే తేడా ఎక్కడ?

కణంలోని ఈ రెండు భాగాలకూ జంట పొరలున్నాయి, రెండింటిలోనూ సొంత డీఎన్ఏ ఉంది, రెండూ కణం శక్తి కోసం వాడే ఏటీపీ చేస్తాయి, ఇంక తేడా ఏం రాయాలని ఇంటర్ పిల్లలు కొందరు అడిగారు. హన్మకొండలో ఇంటర్ పిల్లలకు బయాలజీ చెప్తుంటాను. పరీక్షల ముందు ఈ టెన్షన్ ఏటా చూసేదే. తేడాల పట్టిక బట్టీ పడితే నిలవదు. ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) ఎక్కడ పోగవుతున్నాయో పట్టుకోండి, మిగతాది దాని వెంటే వస్తుంది.

మైటోకాండ్రియాలో లోపలి పొరే ముడతలు పడి క్రిస్టేలు అవుతుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఆ పొర గుండా ఆక్సిజన్ దాకా పోతూ, ప్రోటాన్లను రెండు పొరల మధ్య సందులోకి నెడతాయి. అవి తిరిగి మాత్రికలోకి, అంటే లోపలి పొర లోపలున్న భాగంలోకి రావాలంటే ప్రధానంగా ఏటీపీ తయారుచేసే ఎంజైము, ఏటీపీ సింథేజ్ గుండానే దారి. పాకాల చెరువు నిండితే తూములో నీళ్లు ఎంత ఒత్తిడితో దూకుతాయో, ఇదీ అంతే; ఆ దూకుడుతోనే ఏటీపీ తయారవుతుంది. ఈ సంగతి చెప్పిన బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది.

హరితరేణువులో లోపలి పొర నున్నగానే ఉంటుంది. పని జరిగేది దాని లోపలున్న థైలకాయిడ్ సంచుల్లో. ఈ సంచులు బిళ్లల్లా దొంతర్లు పేరిస్తే గ్రానా. పత్రహరితం ఉండేది వీటి పొరలోనే. ఇక్కడ వెలుతురు శక్తితో ప్రోటాన్లు సంచి లోపల నిండి, ఏటీపీ సింథేజ్ గుండానే బయట స్ట్రోమాలోకి, అంటే సంచుల చుట్టూ ఉండే ద్రవంలోకి వస్తాయి.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. హరితరేణువు చేసిన ఏటీపీలో ఎక్కువ భాగం అక్కడే స్ట్రోమాలో చక్కెర తయారీకి ఖర్చైపోతుంది. కణానికి ఏటీపీ పంచిపెట్టేది ప్రధానంగా మైటోకాండ్రియానే. అందుకే ఆకు కణంలోనూ రెండూ ఉంటాయి. "మొక్కకు హరితరేణువు, జంతువుకు మైటోకాండ్రియా" అని రాస్తే మార్కు పోయినట్టే. మొక్క రాత్రి ఏం తిని బతుకుతుంది మరి?

వలయాకార డీఎన్ఏ, బాక్టీరియాలో ఉండేలాంటి 70ఎస్ తరహా రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే రేణువులు) రెండింటికీ ఉన్నాయి, పోలికల్లో ఒక్క వాక్యం చాలు.

వీలైతే చెరువు అంచున దొరికే హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు ఒకటి తెచ్చి, చుక్క నీళ్లలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూడండి. రంగు అక్కర్లేదు. దీపం వేడి తగిలి కాసేపయ్యాక పచ్చటి రేణువులు కణం గోడ వెంబడి వరసగా కదులుతుంటాయి. మైటోకాండ్రియా కోసం బుగ్గ లోపలి కణాలకు జానస్ గ్రీన్ బి అనే రంగు వేస్తే నీలిపచ్చ చుక్కలు లీలగా కనిపిస్తాయి. క్రిస్టేలు మాత్రం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కే. మీ కాలేజీ ల్యాబ్‌లో అవి కనిపించలేదని కంగారు పడకండి, ఎవరికీ కనిపించవు.