బాబుని కౌన్సెలర్‌కి చూపించమంటున్నారు, వెళ్లాలా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

ఆరేళ్ల బాబుకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి, డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు, మీ ఇద్దరి మధ్య కొంతకాలంగా సరిగ్గా లేదు, స్కూల్‌వాళ్లు కౌన్సెలర్‌ని కలవమంటే మీవారు "వాడికేమైనా పిచ్చా?" అంటున్నారు అని రాశారు. అచ్చం ఇదే మాట మా ఇంట్లోనూ వినిపించింది.

మావాడిది కడుపునొప్పి కాదు. ఏడాది క్రితం మానేసిన పక్క తడపడం ఆరో ఏట మళ్లీ మొదలైంది. ముందు పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్, మలబద్ధకం ఏవీ లేవని తేలాకే ఆవిడ ఇంటి సంగతులు అడిగారు. మీరు ఆ దశ దాటారు కాబట్టి ఒక్క మాట: ఆ నొప్పి నాటకం కాదు. టెన్షన్‌తో మనకి తలనొప్పి వస్తే నమ్ముతాం కానీ, పిల్లల కడుపుని మాత్రం నమ్మం.

మొదట కలిసిన కౌన్సెలర్‌తో మాకు కుదరలేదు. పావుగంటలో, వాడు వింటుండగానే, "వీడికి అటెన్షన్ కావాలి, అంతే" అని తేల్చేశారు. ఇంటికొచ్చేదాకా వాడు తలెత్తలేదు. ఇక ఎవరి దగ్గరికీ వద్దనుకుని మూడు నెలలు పోగొట్టాను.

రెండో ఆవిడ చైల్డ్ సైకాలజిస్ట్. మొదటిసారి బాబుని తీసుకురావద్దని, మమ్మల్నిద్దరినే రమ్మన్నారు. ఇంట్లో గొడవలున్నాయా అంటే "అబ్బే, మేం అరుచుకోం" అన్నాం. నిజమే, మేం అరుచుకోం. మాట్లాడుకోవడం మానేస్తాం, ఒక్కోసారి పది రోజులు. "మరి అవసరమైనవి ఎలా చెప్పుకుంటారు?" అని అడిగితే ఇద్దరం ఒకేసారి బాబు పేరు చెప్పాం. ఆవిడ రాసుకున్నారు, ఏమీ అనలేదు.

తర్వాత నుంచి బాబు వెళ్లేవాడు. గదిలో ఇసుక ట్రే, బొమ్మ ఇళ్లు, జంతువులు, చిన్న చిన్న బళ్లు. చదువుకున్నావిడ ఇలా ఇసుకలో ఆడిస్తారేమిటని నాకు లోపల అనిపించింది. నిజానికి ఇది పాత పద్ధతే. పిల్లలు మాటల్లో చెప్పలేనిది ఆటలో చూపిస్తారని లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టర్ 1920ల చివర్లోనే పిల్లల ముందు ఇసుక ట్రేలు పెట్టారు. మావాడు చేసింది ఏమిటంటే, రెండు ఇళ్లని చెరో మూల పెట్టి, మధ్యలో ఒక లారీని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడట. ఇసుక ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం. ఆవిడ "లారీ చాలాసార్లు తిరిగిందే" అన్నారట. వాడు "డ్రైవర్‌కి సెలవు లేదు" అన్నాడట.

ఇది మాకు చెప్పే ముందు ఆవిడ వాడినడిగారు, చెప్పొచ్చా అని. మొదటిరోజే వాడికి అర్థమయ్యేలా చెప్పారు: ఇక్కడ నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, నీకుగానీ ఇంకొకరికిగానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్తాను అని. బయటికి రాగానే "ఏం అడిగారు, ఏం చెప్పావు" అని ఆరా తీయొద్దని నాకు గట్టిగానే చెప్పారు. అన్నిటికన్నా అదే నాకు కష్టమైంది.

ఇద్దరి మధ్య బిగుసుకున్నది మూడోవాళ్లని లాక్కుంటుందని ఆవిడ కాగితం మీద త్రికోణం గీసి చూపించారు. ముర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన విషయమట. మావారు వెంటనే "అయితే తప్పు మాదా?" అన్నారు. "అది తేల్చడానికి నేను కూర్చోలేదండీ. డ్రైవర్‌కి సెలవు ఎప్పుడిద్దాం?" అన్నారావిడ. ఆయన నవ్వేశారు. ఆ తర్వాత ఒక్క అపాయింట్‌మెంట్ కూడా మానలేదు.

"మాట్లాడుకోకపోతే వాడికేం నష్టం?" అన్నందుకు ఆవిడ ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసినది. బిడ్డతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. తిట్లేవీ లేవు. ఇది విన్నాక ఆ పది రోజుల మౌనాలని "గొడవ కాదు" అనడం మానేశాం.

మాకిచ్చిన హోంవర్క్ రోజూ ఐదు నిమిషాల ఆట. ఆట వాడిదే, మనం వెంట నడవాలి. ప్రశ్నలు, ఆర్డర్లు, తప్పులు పట్టడం ఉండకూడదు. ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టారు. ఐదు నిమిషాల్లో నేను వాడిని పదకొండు ప్రశ్నలు అడిగాను! "అదేంటి? ఆ రంగేంటి? అలా ఎందుకు పెట్టావ్?" ఇది ప్రేమ అనుకునేదాన్ని.

పక్క తడపడం ఒక్కసారిగా ఆగలేదు. నాలుగో నెలకి బాగా తగ్గింది, మధ్యలో మేం మళ్లీ మౌనంలోకి వెళ్లిన వారం తిరగబెట్టింది కూడా.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదానికి: సైకియాట్రిస్ట్ అంటే వైద్యం చదివినవారు, అవసరమైతే మందులు రాస్తారు. సైకాలజిస్ట్ సాధారణంగా పరీక్షలు, థెరపీ చేస్తారు. ఫ్యామిలీ థెరపిస్ట్ ఇంట్లో అందరినీ కలిపి కూర్చోబెడతారు. స్కూల్ కౌన్సెలర్‌తో మొదలుపెట్టినా నష్టమేం లేదు, ఎటు వెళ్లాలో వాళ్లే చెప్తారు. కానీ పిల్లాడు చచ్చిపోతాననడం, తనని తాను గాయపరచుకోవడం, ఎవరైనా వాడిని బాధపెడుతున్నారన్న అనుమానం, ఇలాంటివుంటే వారాలు ఆగకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీవారిని "బాబుని చూపిద్దాం" అని పిలవకండి. "ముందు మనిద్దరినే రమ్మంటున్నారు, బాబు రానక్కర్లేదు" అని చెప్పి చూడండి. ఫోన్ చేసినప్పుడే మూడు విషయాలు కనుక్కోండి: ఏం చదివారు, పిల్లలతో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, తల్లిదండ్రులతో విడిగా కూర్చుంటారా. చివరిదానికి "అవసరం లేదు, పిల్లాడిని వదిలి వెళ్లండి" అంటే నేనైతే ఇంకొకరికి ఫోన్ చేస్తాను.