మెట్లు తక్కువైతే సులువేనా?

ప్రశ్న: నమస్తే సార్. నాకు ఉద్యోగం వస్తే తిరుమల కొండకు నడిచి వస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చి ఏడాదైంది. అమ్మకు 61 ఏళ్లు, మోకాళ్లు అప్పుడప్పుడు పట్టేస్తాయి. అలిపిరి దారిలో జనం ఎక్కువని, శ్రీవారి మెట్టు అయితే దగ్గరి దారని, మెట్లు తక్కువని, ప్రశాంతంగా ఉంటుందని మా ఆఫీసులో అంటున్నారు. ఏ దారిన తీసుకుపోవాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ ఆఫీసు వాళ్లు అబద్ధం చెప్పలేదు బిడ్డా. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. అటు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల నడక, ఇటు రెండు కిలోమీటర్ల పైచిలుకే. కానీ ఎక్కేది ఆ కొండే కదా! దూరం తగ్గిందంటే ఏటవాలు పెరిగిందని అర్థం. నేను డ్రిల్లు సారును, లెక్కల సారును కాదు. ఈ లెక్క నాకు నేర్పింది నా పిక్కలే.

రిటైరైన ఏడాది మా ఆవిడను వెంటబెట్టుకుని శ్రీవారి మెట్టు దారినే పోయాను. 'వెయ్యికి పైగా మెట్లు మిగులుతాయి' అని నారాయణాద్రిలో పక్క బెర్తు వాళ్లకు కూడా గొప్పగా చెప్పాను. శ్రీనివాసమంగాపురంలో కల్యాణ వెంకన్నను చూసుకుని, టిఫిన్ తిని, మెట్ల దగ్గరికి చేరేసరికి పది దాటింది. మే నెల. ఆరేడు వందల మెట్ల దాకా హుషారుగా ఎక్కాను. ఆ తర్వాత కుడి పిక్క బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్లు పిల్లలతో గుంజీళ్లు తీయించిన మనిషిని మెట్టు మీద చతికిలబడితే, మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ కాలికి అమృతాంజనం రాసింది. ఒక ముసలమ్మ చెప్పుల్లేకుండా, మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. వంగి లేస్తూ పోయే మనిషి కూడా నన్ను దాటేసింది!

ఆ దారి మీద నాకు కోపమేమీ లేదు. తర్వాత రెండుసార్లు ఒక్కణ్నే అటే ఎక్కాను, పొద్దున ఆరింటికి వదలగానే. కృష్ణదేవరాయలు చంద్రగిరి నుంచి ఇటే వచ్చేవాడని చెబుతారు. ఆ వేళకు నీ ఊపిరి నీకు వినిపిస్తుంది. మోకాళ్లు బాగుండి, రోజూ నడిచే అలవాటున్నవాళ్లు రెండు గంటల్లోపే పైన ఉంటారు. అందుకే నీలాంటి పిల్లలకైతే అదే చెబుతాను.

మీ అమ్మకు మాత్రం అలిపిరే మంచిది. మొదట్లోనే తలయేరు గుండు ఉంటుంది. నొప్పులు రావొద్దని దానికి మోకాళ్లు ఆనించి మొక్కుతారు, అమ్మతో కూడా మొక్కించు. అక్కడి నుంచి గాలిగోపురం దాకా కష్టమే, సగానికి పైగా మెట్లు అక్కడే అయిపోతాయి. దాన్ని దాటాక చాలా దూరం చదునుగానే నడుస్తారు. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర కాసేపు కాళ్లు చాపుకోవచ్చు. దారి పొడవునా నీళ్లు, కొట్లు, కూర్చోవడానికి నీడ ఉంటాయి. చివర్లో మోకాళ్ల పర్వతం ఒక్కటే మళ్లీ గట్టిగా ఉంటుంది. పేరు చూసి టెన్షన్ పడొద్దు, అప్పటికే కొండ దాదాపు ఎక్కేసి ఉంటారు. నాలుగు గంటలు అనుకో, ఐదైనా ఎవరూ అడగరు. శ్రీవారి మెట్టులో ఇలా కాళ్లకు తెరిపి ఇచ్చే చదును ఉండదు, కొట్లూ తక్కువ.

జనం సంగతి అంటావా? శనివారం పోవద్దు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెరటాసి మాసమని తమిళనాడు నుంచి బాగా వస్తారు, అదీ వద్దు. మామూలు మంగళవారమో బుధవారమో తెల్లవారుజామున మొదలుపెడితే అలిపిరి కూడా ఖాళీగానే ఉంటుంది. మరీ చీకట్లో, విడివిడిగా మాత్రం నడవొద్దు. 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. గుంపుతో కలిసి నడవండి.

బ్యాగులు మోయొద్దు, కింద కౌంటర్లో ఇస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. దర్శనం టోకెన్లు ఎక్కడిచ్చేదీ మధ్యమధ్య మారుస్తుంటారు, బయల్దేరే ముందు టీటీడీ వెబ్‌సైట్ చూసుకో. దిగడం మాత్రం బస్సులోనే. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లకు దెబ్బ. ఆమె మొక్కింది ఎక్కుతానని, దిగుతానని కాదు కదా!

ప్రశ్న: నేనూ మా దోస్తులూ వచ్చే నెల శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాం సార్. ప్రాక్టీసుకు మన దగ్గర ఏ గుట్ట మంచిది?
– ఒక డిగ్రీ విద్యార్థి, నకిరేకల్

జవాబు: నీకు చెరువుగట్టు పక్కనే ఉంది కదరా. ఘాట్ రోడ్డున బండి మీద పోకుండా మెట్ల దారిన ఎక్కు. జడల రామలింగేశ్వరుణ్ని చూసుకుని మూడు గుండ్లు కూడా ఎక్కి దిగు. వారానికి మూడు రోజులు చేస్తే చాలు. నేనైతే ఊళ్లోనే లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కేవాణ్ని, దర్గా దగ్గర కూర్చుంటే నల్లగొండ అంతా కనిపిస్తుంది. అమావాస్యకు మాత్రం చెరువుగట్టు వైపు పోకు. ఆ రాత్రి నిద్ర చేయడానికి వచ్చినవాళ్లతో కాలు పెట్టే సందుండదు, ప్రాక్టీసు సంగతి దేవుడెరుగు.