క్యాచర్ రికీ నొప్పి చెయ్యి

ప్రశ్న: బేస్‌బాల్‌లో ఆధునిక మేజర్ లీగ్ తొలి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను జట్టులోకి తెచ్చిన బ్రాంచ్ రికీ ఒకప్పుడు క్యాచరేనట (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు). 1907లో ఒకే ఆటలో అతని మీద 13 బేస్‌లు దొంగిలించారని చదివాను. అంత బలహీనమైన క్యాచర్ ఇతరుల ప్రతిభను ఎలా పసిగట్టాడు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లెక్క నిజమే. 1907 జూన్ 28న న్యూయార్క్ హైలాండర్స్ (ఇప్పటి యాంకీస్) క్యాచర్‌గా రికీ కూర్చున్నాడు. వాషింగ్టన్ ఆటగాళ్లు 13 సార్లు బేస్ దొంగిలించారు, అంటే పిచ్చర్ బంతి విసురుతుండగానే రన్నర్లు తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరుకున్నారు. కానీ బలహీనుడు అనడం అన్యాయం. ఆ రోజుల్లో అతనికి చెయ్యి నొప్పి. అంతకు ముందు ఏడాది సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తరఫున 65 ఆటల్లో .284 బ్యాటింగ్ సగటు (వెయ్యి ప్రయత్నాలకు 284 హిట్ల లెక్క) సాధించాడు. క్యాచర్లకు అది ఆ కాలంలో చాలా మంచి సగటు.

చెయ్యి నొప్పి ఎంత చేటు చేస్తుందో చూడండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ ఆడే చోటు) నుంచి రెండో బేస్‌కు 127 అడుగుల పైచిలుకు దూరం. గ్లవ్‌లో బంతి పడ్డ క్షణం నుంచి అక్కడి ఫీల్డర్ చేతికి చేరేదాకా ఇప్పటి మంచి క్యాచర్‌కు పట్టేది సుమారు 2 సెకన్లు. దీన్నే పాప్ టైమ్ అంటారు. అందులో 0.2 సెకను జారిందా, రన్నర్ నాలుగైదు అడుగులు ముందుంటాడు. ట్యాగ్ (ఫీల్డర్ బంతితో తాకి ఔట్ చేయడం) తప్పించుకోవడానికి అరడుగు చాలు! పైగా నొప్పి సంగతి పసిగట్టిన జట్టు, మొదటి బేస్ చేరిన ప్రతివాణ్నీ పరుగెత్తిస్తుంది. క్యాచర్ కంగారుపడి బలమంతా పెట్టి విసిరితే బంతి పక్కకు పోతుంది.

ఆ ఏడాదితో అతని ఆట దాదాపు ముగిసింది. 1914లో ఆడిన రెండు ఆటలు కలిపినా మొత్తం 120. 1907 తర్వాత మిషిగన్‌లో లా చదువుతూ యూనివర్సిటీ జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. అక్కడే ఎడమచేతి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) జార్జ్ సిస్లర్‌ను గుర్తించాడు. సిస్లర్ 1920లో ఒకే సీజన్‌లో 257 హిట్లు కొట్టాడు. 2004లో ఇచిరో సుజుకి దాటేదాకా అదే రికార్డు.

మైదానమంతా ఎదురుగా చూస్తూ ఆడేది క్యాచర్ ఒక్కడే. ఎవరు ముందే కదిలారు, ఎవరి విసురు తడబడింది అన్నీ కనిపిస్తాయి. రికీ కన్ను అక్కడే పదునెక్కిందని మా నమ్మకం.

1945లో అతను చికాగోకు పంపిన క్లైడ్ సుకెఫోర్త్ కూడా మాజీ క్యాచరే. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) రాబిన్సన్ విసురులో బలం చూసి రమ్మని రికీ చెప్పాడు. తీరా వెళ్తే రాబిన్సన్‌కు భుజం నొప్పి, ఆడటం లేదు. విసురు చూడకుండానే సుకెఫోర్త్ అతన్ని బ్రూక్లిన్‌లోని రికీ దగ్గరికి తీసుకొచ్చాడు.